మహాదళిత్ పథకాలు: పంచింది ఎంత? మారింది ఎంత? బిహార్ లెక్కలు మన ఎస్సీ వర్గీకరణకు చెబుతున్న పాఠం ఏంటి?

ఎస్సీల్లోనూ అందరికంటే వెనకబడిన కులాలకు విడిగా పథకాలు పెడితే వాళ్ల బతుకులు మారతాయా? తెలుగు రాష్ట్రాల్లో ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చాక ఈ ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. నిజానికి ఈ ప్రయోగాన్ని బిహార్ 2007లోనే మొదలుపెట్టింది. ఇంటి స్థలం, రేడియో, స్కూల్ యూనిఫాం, శిక్షణ.. ఇలా చాలా ఇచ్చారు. మరి ఫలితం వచ్చిందా? దాన్ని ఎలా తేల్చాలి? వివరంగా చూద్దాం.

అసలు మహాదళిత్ అంటే ఎవరు?

బిహార్‌లో 22 ఎస్సీ కులాలున్నాయి. రిజర్వేషన్లు, పథకాలు దశాబ్దాలుగా అందరికీ ఉన్నా, ఫలాలు మాత్రం అందరికీ ఒకేలా అందలేదు. 2001 జనాభా లెక్కలే దీనికి సాక్ష్యం. అప్పట్లో రాష్ట్రంలో ఎస్సీల అక్షరాస్యత 28.5 శాతం. అందులో ధోబీలది 43.9 శాతం ఉంటే, ముసహర్లది కేవలం 9 శాతం. అంటే వంద మంది ముసహర్లలో 91 మందికి చదవడం, రాయడం రాదన్నమాట. వీళ్లలో ఎక్కువ మంది సొంత భూమి లేని వ్యవసాయ కూలీలు. ఊరి చివర విడిగా ఉండే వాడల్లో నివాసం. ఆ వాడనే అక్కడ టోలా అంటారు.

ఈ తేడాను చూపించే నితీశ్ కుమార్ ప్రభుత్వం 2007లో మహాదళిత్ కమిషన్ వేసింది. 22 కులాల్లో 18 కులాలను మహాదళితులుగా గుర్తించారు. కాస్త మెరుగ్గా ఉన్నారంటూ నాలుగు కులాలను పక్కన పెట్టారు. అవి దుసాధ్ (పాశ్వాన్), రవిదాస్ (చమార్), పాసీ, ధోబీ. ఆ తర్వాతి ఏడాది పథకాల అమలు కోసం మహాదళిత్ వికాస్ మిషన్ ఏర్పాటైంది.

ఏమేం ఇచ్చారు?

ఇల్లు కట్టుకోవడానికి జాగా లేని ప్రతి కుటుంబానికి 3 డెసిమల్స్ స్థలం ఇస్తామన్నది పెద్ద హామీ. డెసిమల్ అంటే మన దగ్గర సెంటు. అంటే 3 సెంట్లు, దాదాపు 145 గజాలు. తర్వాత దీన్ని 5 డెసిమల్స్ చేశారు.

రేడియో కొనుక్కోవడానికి రూ.400 విలువైన కూపన్ ఇచ్చారు. పిల్లలకు వాడలోనే పాఠాలు చెప్పి బడికి తీసుకెళ్లేందుకు టోలా సేవక్‌లను పెట్టారు. యువతకు నైపుణ్య శిక్షణ మొదలుపెట్టారు. అధికారులకు, వాడకు మధ్య వారధిగా ఉండేందుకు మహాదళితుల నుంచే వికాస్ మిత్రలను నియమించారు.

కాగితం మీద ఇదంతా బాగుంది. ఇన్ని కుటుంబాలకు స్థలం, ఇన్ని రేడియోలు, ఇంత మందికి శిక్షణ అని అంకెలు కూడా వచ్చాయి. అయితే ఈ అంకెలన్నీ ప్రభుత్వం ఏం పంచిందో చెప్పేవి. తీసుకున్నవాళ్ల జీవితంలో ఏం మారిందో వీటిని బట్టి తెలియదు. రేడియో చేతికి రావడం వేరు, ఇంట్లో అమ్మాయి పదో తరగతి పాసవడం వేరు.

లిస్ట్ పెరుగుతూ పోయింది

పథకం మొదలైన కొద్ది కాలానికే మాకెందుకు లేదంటూ మిగతా కులాల నుంచి డిమాండ్లు మొదలయ్యాయి. ముందుగా ధోబీ, పాసీ కులాలు లిస్ట్‌లో చేరాయి. ఆ తర్వాత రవిదాసులు వచ్చారు. చివరికి పాశ్వాన్లు ఒక్కరే బయట మిగిలారు. 2018 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి రోజున, వాళ్లకూ ఈ ప్రయోజనాలు ఇస్తామని నితీశ్ ప్రకటించారు. అంటే పదకొండేళ్లలో మహాదళితులు అన్నా, ఎస్సీలు అన్నా దాదాపు ఒకటే అయిపోయింది.

దీని అర్థమేంటో 2023 బిహార్ కులగణన అంకెలతో చూద్దాం. రాష్ట్ర జనాభాలో ఎస్సీలు 19.65 శాతం. అందులో పాశ్వాన్లు 5.31, రవిదాసులు 5.26, పాసీలు దాదాపు 1, ధోబీలు 0.83 శాతం. ఈ నాలుగు కులాలు కలిపితే 12.4 శాతం దాకా వస్తుంది. అంటే మొదట ఎంపిక చేసిన 18 కులాలు మొత్తం ఎస్సీల్లో సుమారు 37 శాతమే. ధోబీ, పాసీ, రవిదాసులు చేరేసరికి అది 73 శాతానికి చేరింది. పాశ్వాన్లతో 100 శాతం. క్యూలో చివరన ఉన్నవాళ్ల కోసం విడిగా తెరిచిన కౌంటర్ దగ్గరికి క్యూ మొత్తం వచ్చి నిలబడితే ఎలా ఉంటుందో, ఇదీ అలాగే.

మరి వాళ్ల డిమాండ్ తప్పా?

అలా అని కొట్టిపారేయలేం. ఇక్కడే అసలు చిక్కు ఉంది. 2023 నవంబర్‌లో బిహార్ అసెంబ్లీలో పెట్టిన రిపోర్ట్ కులాల వారీగా ఆదాయ లెక్కలు బయటపెట్టింది. నెలకు రూ.6 వేలు, అంతకన్నా తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలను పేదలుగా లెక్కించారు. ఆ లెక్క ఇలా ఉంది.

- రాష్ట్రం మొత్తం మీద: 34.13 శాతం
- ఎస్సీలు మొత్తం: 42.93 శాతం
- ముసహర్: 54.56 శాతం
- భుయియా: 53.55 శాతం
- రవిదాస్ (చమార్): 42.06 శాతం
- దుసాధ్ (పాశ్వాన్): 39.36 శాతం
- పాసీ: 38.14 శాతం
- ధోబీ: 35.82 శాతం

శాతాల్లో చూస్తే ముసహర్లు, భుయియాలే అట్టడుగున ఉన్నారు. కానీ తలల లెక్క చూస్తే సీన్ మారుతుంది. రవిదాసులు, పాశ్వాన్ల జనాభా ఎక్కువ కాబట్టి, పేదల సంఖ్య వాళ్లలోనే ఎక్కువ. అంటే 18 కులాలకే పరిమితం చేస్తే లక్షల మంది పేద దళితులు బయటే ఉండిపోతారు. అందరినీ కలిపేస్తే ముసహర్ మళ్లీ వెనక్కి పోతాడు.

ఈ రెండింటికీ ఒకే పథకం సరిపోదు. పేదరికం చూసి ఇచ్చే సాయం ఒకటి ఉండాలి. అది కులంతో పనిలేకుండా పేద ఇంటికల్లా వెళ్లాలి. బడి, భూమి, ఆఫీసు గడప దాకా రాలేకపోతున్న కులాలకు విడిగా చేయూత ఇంకొకటి ఉండాలి. బిహార్‌లో ఈ రెండూ ఒకే లిస్ట్‌లో కలిసిపోయాయి.

పథకాలు ఫెయిలైనట్టేనా?

ఈ అంకెలు చూసి మహాదళిత్ పథకాలు ఫెయిల్ అనేస్తే తొందరపడినట్టే. ముసహర్లలో సగానికిపైగా ఇప్పటికీ పేదలే, నిజమే. కానీ పథకాలే లేకపోతే అది 70 శాతం ఉండేదేమో! లేదంటే ఇదే 54 శాతం ఉండేదేమో! 2007లో కులాల వారీ ఆదాయ సర్వే జరిగి ఉంటే పోల్చి చూసే వీలుండేది. ఇలాంటి లెక్క పథకం మొదలైన 16 ఏళ్లకు గానీ రాలేదు. తూకం వేయకుండా డైటింగ్ మొదలుపెట్టి, చివర్లో ఎంత తగ్గామని అడిగితే ఎవరు చెప్పగలరు?

అలాగే ముందు, తర్వాత చూసుకున్నా సరిపోదు. ఆ కాలంలో రోడ్లు వచ్చాయి, వలసలు పెరిగాయి, కూలి రేట్లు మారాయి. మార్పులో పథకం వాటా ఎంత, మిగతా వాటి వాటా ఎంత అన్నది విడదీయాలి.

ఇది కుదరని పనేం కాదు. అదే బిహార్‌లో అమ్మాయిల సైకిల్ పథకం దీనికి మంచి ఉదాహరణ. 2006లో మొదలైన ఈ పథకంలో 9వ తరగతిలో చేరిన అమ్మాయిలకు సైకిల్ కొనుక్కోవడానికి డబ్బులిచ్చారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ దీని ఫలితాన్ని లెక్కగట్టారు. బిహార్ అమ్మాయిల్ని బిహార్ అబ్బాయిలతో పోల్చారు. ఆ తేడాను, 2000 వరకు బిహార్‌లోనే భాగమైన పక్క రాష్ట్రం జార్ఖండ్‌లోని తేడాతో పోల్చారు. అక్కడ ఈ పథకం లేదు కాబట్టి సైకిల్ ప్రభావం విడిగా కనిపించింది. సరైన వయసులో హైస్కూల్లో చేరే అమ్మాయిల సంఖ్య 32 శాతం పెరిగిందని తేలింది. అది కూడా బడి దూరంగా ఉన్న ఊళ్లలోనే ఎక్కువగా పెరిగింది. అంటే సైకిల్ ఎక్కడ అవసరమో అక్కడే పనిచేసింది.

మహాదళిత్ పథకాలకూ ఇలాంటి పోలికకు దారి ఉంది. 2018 దాకా బయట ఉన్న పాశ్వాన్లు ఉన్నారు. జార్ఖండ్‌లో ఉన్న అవే కులాలు ఉన్నాయి. మొదటి నుంచీ కులాల వారీగా రికార్డులు పెట్టుకుని ఉంటే జవాబు ఈపాటికి చేతిలో ఉండేది.

పట్టా వేరు.. స్వాధీనం వేరు

అంకెల్లో కనిపించని ఇంకో విషయం స్థలాల సంగతి. బిహార్‌లో పేదలకు ఇచ్చే పట్టాను పర్చా అంటారు. చేతిలో పర్చా ఉన్నా, ఆ జాగాలోకి అడుగు పెట్టలేని కుటుంబాలు చాలా ఉన్నాయి. ఎక్కడో వేరేవాళ్ల కబ్జాలో ఉంటుంది. ఇంకెక్కడో దారి ఉండదు, లోతట్టు కావడంతో నీళ్లు నిలుస్తాయి. పరిస్థితి ఎంత తీవ్రంగా ఉందంటే, పట్టాలున్నవాళ్లకు స్థలం అప్పగించేందుకే 2014-15 ప్రాంతంలో ప్రభుత్వం ఆపరేషన్ దఖల్ దేహానీ పేరుతో ప్రత్యేక కార్యక్రమం చేపట్టాల్సి వచ్చింది. రిజిస్టర్‌లో మాత్రం ఆ కుటుంబం ఎప్పుడో లబ్ధి పొందినట్టే లెక్క!

శిక్షణ విషయంలోనూ అంతే. మహాదళిత్ వికాస్ మిషన్ శిక్షణ నిధుల్లో అక్రమాలు జరిగాయన్న ఆరోపణలపై 2017లో రాష్ట్ర విజిలెన్స్ విభాగం కేసు పెట్టింది. శిక్షణ పొందినవాళ్ల సంఖ్య ఒక్కటే చూస్తే ఇలాంటివి బయటపడవు. శిక్షణ తర్వాత పని దొరికిందా, ఏడాది తర్వాత ఆ పనిలోనే ఉన్నారా అని అడిగితేనే తెలుస్తుంది.

చిన్న కులాలకు ఇంకో అడ్డంకి

వికాస్ మిత్ర ఆలోచన మంచిదే. ఆఫీసుకెళ్లి అప్లికేషన్ పెట్టడం రానివాళ్లకు తమలోంచే ఒకరు తోడుంటారు. కానీ పంచాయతీలో ఏ మహాదళిత్ కులం జనాభా ఎక్కువ ఉంటే ఆ కులం నుంచే వికాస్ మిత్రను ఎంపిక చేయాలన్నది రూల్. ఊళ్లో పది ఇళ్లు మాత్రమే ఉండే డోమ్, నట్ లాంటి కులాలకు ఆ అవకాశం రావడం కష్టం. అంటే అట్టడుగు వర్గం అని ఒక పేరు పెట్టినా, అందులోనూ సంఖ్యాబలం ఉన్నవాళ్లే ముందుంటారు.

ఏపీ, తెలంగాణకు దీంతో సంబంధం ఏంటి?

ఎస్సీ కులాలను ఉపవర్గీకరించే అధికారం రాష్ట్రాలకు ఉందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం 6-1 మెజార్టీతో తీర్పిచ్చింది. ఉమ్మడి ఏపీ వర్గీకరణ చట్టాన్ని కొట్టేసిన 2004 నాటి తీర్పు దీంతో పక్కకు పోయింది.

తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి వర్గీకరణ అమల్లోకి వచ్చింది. 59 కులాలను మూడు గ్రూపులు చేశారు. అత్యంత వెనకబడిన 15 కులాలకు 1 శాతం, మాదిగ సహా 18 కులాలకు 9 శాతం, మాల సహా 26 కులాలకు 5 శాతం కేటాయించారు. ఏపీలోనూ అదే నెలలో ఆర్డినెన్స్ వచ్చింది. అక్కడ రెల్లి సహా 12 కులాలకు 1 శాతం, మాదిగ సహా 18 కులాలకు 6.5, మాల సహా 29 కులాలకు 7.5 శాతం ఇచ్చారు.

తెలంగాణ గ్రూప్-1లో బుడగ జంగం, డక్కల, మెహతర్ లాంటి కులాలున్నాయి. ఎస్సీ జనాభాలో వీళ్లు దాదాపు 3.3 శాతమే. 15 శాతం కోటాలో జనాభా ప్రకారం వచ్చే వాటా అర శాతం కాగా, 1 శాతం ఇచ్చారు. అంటే వాటా రెట్టింపు. అయితే ఆ ఉద్యోగానికి కావాల్సిన డిగ్రీ ఉన్నవాళ్లు ఆ కులాల్లో ఎంతమంది ఉన్నారు? అర్హులు దొరక్కపోతే పోస్టు తర్వాతి గ్రూపుకు వెళ్తుంది. కోటా తలుపు తీస్తుంది కానీ, తలుపు దాకా నడిపించాల్సింది బడి, హాస్టల్, స్కాలర్‌షిప్పులే. ఇంకో మాట, ఈ వర్గీకరణ చదువు, ఉద్యోగాలకు సంబంధించింది. లోన్లు, ఇళ్లు, భూమి లాంటి సంక్షేమ పథకాల్లో చివరి కులాలకు ఎంత చేరుతోందో విడిగా చూసుకోవాల్సిందే.

ఏ లెక్కలు అడగాలి?

రేపు ఏ ప్రభుత్వమైనా, ఏ పార్టీ అయినా ఎస్సీల కోసం ఇన్ని వేల కోట్లు ఖర్చు పెట్టామని చెబితే ఈ ఐదు ప్రశ్నలు అడగొచ్చు.

1. లబ్ధిదారుల్లో ఏ ఉపకులం వాళ్లు ఎంతమంది? ఎస్సీలు అని ఒక్క అంకె చెబితే చివరి కులం కనిపించదు.

2. పథకానికి ముందు వాళ్ల పరిస్థితి ఏంటో రికార్డు ఉందా? అది లేకుండా మార్పును కొలవలేం.

3. ఇచ్చింది రెండేళ్ల తర్వాత కూడా వాళ్ల చేతిలోనే ఉందా? స్థలమైతే స్వాధీనం, శిక్షణైతే పని, బడైతే పదో తరగతి పాస్.

4. గ్రూప్-1 కోటాలో ఎన్ని సీట్లు, పోస్టులు నిండాయి? ఎన్ని తర్వాతి గ్రూపుకు వెళ్లాయి? ఏటా ఈ లెక్క బయటపెడుతున్నారా?

5. మిగతా కులాలతో ఉన్న తేడా తగ్గిందా? అందరి ఆదాయం పెరిగి, తేడా అలాగే ఉంటే ప్రత్యేక పథకం పని పూర్తికానట్టే.

తర్వాతి జనగణనలో కులాల వివరాలు సేకరించాలని కేంద్రం 2025 ఏప్రిల్ 30న నిర్ణయించింది. దాని రిఫరెన్స్ తేదీ 2027 మార్చి 1. తెలుగు రాష్ట్రాల్లో వర్గీకరణ ఇప్పుడే మొదలైంది కాబట్టి, బిహార్‌కు దొరకని అవకాశం మనకుంది. ఆ అంకెల్ని మొదటి తూకంగా పెట్టుకుంటే పదేళ్ల తర్వాత డక్కల పిల్లాడు, రెల్లి అమ్మాయి ఎక్కడి దాకా వచ్చారో చెప్పొచ్చు. లేదంటే అప్పుడు కూడా ఎంత పంచామన్న లెక్కే మిగులుతుంది.