ముహూర్తాన్ని బట్టి క్రీమ్

వర్ధన్నపేటలో పెళ్లికి మూడంతస్తుల కేకు ఇంట్లోనే చేయాలనుకునేవాళ్లు ముందు తెరవాల్సింది వంటల వీడియో కాదు, పంచాంగం. పెళ్లి వైశాఖంలోనా, శ్రావణంలోనా? అది తేలితే ఏ క్రీమ్ పూయాలో, ఏ అలంకారం నిలబడుతుందో సగం తేలినట్టే. మధ్యలో ఆషాఢంలో ఎలాగూ ముహూర్తాలుండవు, ఆ నెల ప్రయోగాలకు పనికొస్తుంది.

వరంగల్ జిల్లావాళ్లు థీము కోసం ఎక్కడో వెతకక్కర్లేదు. వరంగల్ కోటలో కాకతీయ కళాతోరణం ఉంది. దాన్నే కేకు మీద నిలబెట్టాలనుకుందాం.

వైశాఖంలో మొదటి శత్రువు ఎండ. వెన్నలో రకరకాల కొవ్వులుంటాయి. కొన్ని ఫ్రిజ్‌లోంచి తీయగానే మెత్తబడతాయి, కొన్ని సుమారు 35 డిగ్రీల దాకా గట్టిగానే ఉంటాయి. బటర్‌క్రీమ్‌లో గాలి బుడగలు చెదరకుండా ఉండేది ఆ గట్టి కొవ్వు స్ఫటికాల వల్లే. మే నెలలో ఇక్కడ మధ్యాహ్నం 42 డిగ్రీలు మామూలే కాబట్టి, ఏసీ లేని ఫంక్షన్ హాల్లో ఆ క్రీమ్ జారిపోక తప్పదు. చాక్లెట్ పూసినా అంతే, కోకో వెన్న 34 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. పామ్ కెర్నల్ నూనెను గట్టిపరిచి చేసే నాన్‌డెయిరీ క్రీమ్ కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది. రుచి మాత్రం వెన్నకు సాటి రాదు, తిన్నాక నాలుకకు మైనంలా అంటుకుంటుంది.

అదే ఎండ తోరణానికి మేలు చేస్తుంది. స్తంభాలు, దూలాలు చేసేది చక్కెర ముద్దతో. అందులో సీఎంసీ అనే జిగురు పొడి కలిపితే ఆరాక బిగుసుకుంటుంది. పొడిగాలిలో నీరు త్వరగా ఆవిరవుతుంది కాబట్టి స్తంభం నిటారుగా గట్టిపడుతుంది. కేకు చుట్టూ కప్పే ఫాండెంట్ మాత్రం ఆ గాలికి ఆరి బీటలు వారుతుంది. పిసికేటప్పుడు కొంచెం గ్లిజరిన్ వేస్తే నీటిని పట్టి ఉంచుతుంది.

శ్రావణంలో కథ తిరగబడుతుంది. ఎండ తగ్గి క్రీమ్ కుదురుకుంటుంది కానీ, చక్కెర గాలిలోని తేమను లాక్కుంటుంది. గట్టిపడిన దూలం మళ్లీ మెత్తబడి వంగుతుంది. ఫ్రిజ్‌లో పెడితే సరిపోతుందనుకోవద్దు. చల్లటి కేకును బయటికి తీయగానే గాలిలోని ఆవిరి దాని మీద చెమటలా పట్టి, ఫాండెంట్ రంగులు కారతాయి. అట్టపెట్టెలో పెట్టి, మూత టేపుతో అంటించి ఫ్రిజ్‌లో ఉంచాలి. తీశాక పెట్టె గది వేడికి వచ్చేదాకా మూత తెరవకూడదు. అప్పుడు ఆ తడి పెట్టె మీదే పడుతుంది. దూలం విషయంలో ఆశపడకపోవడమే మంచిది, లోపల సన్నటి పుల్ల దాచి పైన ముద్ద చుట్టాలి.

కాల్చడంలో చిక్కంతా మందానిది. మందం రెట్టింపైతే వేడి నడిమికి చేరడానికి సుమారు నాలుగు రెట్ల సమయం పడుతుంది. ఈలోగా అంచులు మాడతాయి. ఇంటి ఓటీజీలో పెద్ద గిన్నె ఎలాగూ పట్టదు కనుక, 6 అంగుళాల చదరాలు నాలుగు పలచగా కాల్చి పక్కపక్కనే పేరిస్తే 12 అంగుళాల అడుగు అంతస్తు వస్తుంది. అతుకులు క్రీమ్ కింద దాగిపోతాయి. గుడ్డు లేకుండా చేస్తే కేకును నిలబెట్టేది పిండే, అది పూర్తిగా చల్లారాకే బిగుస్తుంది. కాబట్టి కాలిన కేకును ఒక రాత్రి ఆరనిచ్చాకే పేర్చాలి.

ఇక బరువు. రామప్ప గుడి శిఖరాన్ని కాకతీయులు నీళ్లలో తేలే తేలిక ఇటుకలతో కట్టారు. కేకులోనూ పై అంతస్తు తేలికగా ఉంటే మంచిదే. అయినా మెత్తటి కేకు ఏ బరువూ మోయలేదు. ప్రతి అంతస్తు కింద ఒక అట్ట, ఆ అట్ట కింద కేకులో నిలువునా గుచ్చిన పుల్లలు ఉండాలి. పుల్లలన్నీ ఒకే ఎత్తు ఉంటే బరువు వాటి మీదుగా నేరుగా అడుగు పలకకు దిగుతుంది. ఒక్కటి పొట్టిదైనా పై అంతస్తు అటే ఒరుగుతుంది.

అంతస్తులను విడివిడిగా హాలుకు తీసుకెళ్లి అక్కడే పేర్చండి. ఎన్ని పుల్లలు గుచ్చారో కాగితం మీద రాసి, కేకు కోసి పంచేవాళ్ల చేతికివ్వండి.