పొగరహిత ప్రదేశాలు: సంస్థాధిపతుల బాధ్యత

బహిరంగ ప్రదేశాల్లో పొగ త్రాగడం నేరమన్న సంగతి నేడు తెలియనివారు అరుదు. అయితే ఆ నేరాన్ని నివారించవలసిన తొలి బాధ్యత ఎవరిదన్న విషయంలో మాత్రం స్పష్టత కొరవడుతోంది. ఇది పోలీసు శాఖ పని అని కొందరు, వైద్య ఆరోగ్య శాఖ పని అని మరికొందరు భావిస్తుంటారు. చట్టం మాత్రం ఈ బాధ్యతను మొట్టమొదట ఆ ప్రదేశం ఎవరి అధీనంలో ఉందో వారిపైనే ఉంచింది.

ఇంట తగ్గింది, కార్యాలయంలో తగ్గలేదు

కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ మంత్రిత్వ శాఖ 2009-10లోను, 2016-17లోను వయోజనుల పొగాకు వినియోగంపై దేశవ్యాప్త సర్వేలు జరిపించింది. నాలుగు గోడల మధ్య పనిచేసే వయోజనుల్లో తమ పనిచోట ఇతరులు వదలిన పొగను పీల్చవలసి వస్తున్నదని చెప్పినవారు మొదటి సర్వేలో 29.9 శాతం కాగా, రెండవ సర్వేలో 30.2 శాతం. ఇళ్లలో ఆ పొగకు గురవుతున్నవారు మాత్రం ఇదే వ్యవధిలో 52.3 శాతం నుంచి 38.7 శాతానికి తగ్గారు.

ఇంట్లో పొగ త్రాగరాదని ఏ చట్టమూ నిర్దేశించలేదు. పని ప్రదేశాలకు నిషేధం 2008లోనే వర్తించింది. చట్టం లేనిచోట మార్పు వచ్చి, చట్టం ఉన్నచోట రాకపోవడం ఆలోచించదగిన విషయం. ఇంట్లో భార్య గాని, పిల్లలు గాని ‘ఇక్కడ వద్దు’ అని చెప్పగలరు. కార్యాలయంలో పై అధికారి సిగరెట్ వెలిగించినప్పుడు క్రింది ఉద్యోగి ఆ మాట అనడం కష్టం. ఉద్యోగి తరఫున ఆ మాట చెప్పడానికే చట్టం ఒక బాధ్యుని నియమించింది.

పొగాకు పొగలో 7 వేలకు పైగా రసాయనాలున్నాయనీ, వాటిలో సుమారు 70 క్యాన్సర్ కారకాలనీ శాస్త్రవేత్తలు గుర్తించారు. పొగ త్రాగని వ్యక్తి సైతం ఈ పొగను నిత్యం పీల్చడం వలన గుండె జబ్బులకు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు గురయ్యే ప్రమాదం పెరుగుతుంది. కొద్దిపాటి పొగ వలన హాని లేదని చెప్పగల సురక్షిత పరిమితి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. కిటికీలు తెరచినా, ఫ్యాన్లు వేసినా ఈ హాని పూర్తిగా తొలగదు.

చట్టం నేపథ్యం

ఆసుపత్రులు, విద్యాసంస్థలు, గ్రంథాలయాలు, న్యాయస్థానాలు, ప్రభుత్వ కార్యాలయాలు, ప్రజా రవాణా వాహనాల్లో పొగత్రాగడాన్ని నిషేధించవలసిందిగా సుప్రీంకోర్టు 2001 నవంబరు 2న మురళీ దేవరా దాఖలు చేసిన వ్యాజ్యంలో ఆదేశించింది. అనంతరం పార్లమెంటు 2003లో సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టాన్ని ఆమోదించింది. దీనినే వాడుకలో ‘కోట్పా’ అంటున్నాము. బహిరంగ ప్రదేశాల్లో ధూమపాన నిషేధం 2004 మే 1 నుంచి అమలులోకి వచ్చింది. 2008 అక్టోబరు 2 నుంచి అమలైన నూతన నిబంధనలు పని ప్రదేశాలు, సినిమా హాళ్లు, షాపింగ్ మాల్స్, క్యాంటీన్లను కూడా స్పష్టంగా దీని పరిధిలోకి తెచ్చాయి. సిగరెట్, బీడీ, చుట్ట, హుక్కా ఏ రూపంలో త్రాగినా నేరమే. జరిమానా రూ. 200 వరకు విధించవచ్చు.

బోర్డుపై పేరు

నిబంధనల ప్రకారం యజమాని, మేనేజరు, సూపర్‌వైజరు లేదా ఆ ప్రదేశపు ఇన్‌చార్జి ఈ క్రింది విధులను నిర్వర్తించాలి.

- ప్రతి ప్రవేశ ద్వారం వద్ద, లోపల అందరికీ కనిపించే చోట, అంతస్తులుంటే ప్రతి అంతస్తులోను, మెట్ల వద్ద, లిఫ్టు ద్వారం వద్ద కనీసం 60 సెం.మీ. × 30 సెం.మీ. పరిమాణం గల బోర్డును ఏర్పాటు చేయాలి. అది ధూమపాన నిషిద్ధ ప్రదేశమని, అక్కడ పొగత్రాగడం నేరమని దానిపై వ్రాయాలి.
- ఫిర్యాదు స్వీకరించే వ్యక్తి పేరును అందరికీ తెలిసేలా ప్రదర్శించాలి.
- యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు, లైటర్లు అందుబాటులో ఉంచరాదు.
- ఫిర్యాదు అందిన వెంటనే చర్య తీసుకోవాలి. ఉపేక్షించిన పక్షంలో ఎన్ని ఉల్లంఘనలు జరిగాయో అన్నింటికి సమానమైన జరిమానాను ఆ బాధ్యుడే చెల్లించవలసి ఉంటుంది.

వీటిలో రెండవది ముఖ్యమైనది. పేరు లేని బోర్డు హెచ్చరిక మాత్రమే చేయగలదు, ఫిర్యాదు స్వీకరించలేదు. జరిమానా విధించే అధికారం గెజిటెడ్ అధికారులకు, సబ్ ఇన్‌స్పెక్టరు, ఆపై హోదా గల పోలీసు అధికారులకు, స్టేషన్ మాస్టర్లకు, పాఠశాల ప్రధానోపాధ్యాయులకు, ప్రైవేటు సంస్థల్లో మానవ వనరుల మేనేజరు వంటివారికి వారి వారి పరిధిలో ఉన్నది.

రెండు అపోహలు

కార్యాలయంలో ప్రత్యేక ధూమపాన గది ఏర్పాటు చేసుకోవచ్చునన్నది ఒక అపోహ. అటువంటి గదికి 30 లేదా అంతకు మించిన గదులున్న హోటళ్లు, 30 లేదా అంతకు మించిన సీట్లున్న రెస్టారెంట్లు, విమానాశ్రయాలలో మాత్రమే అవకాశమున్నది. కార్యాలయాలకు, కర్మాగారాలకు ఈ వెసులుబాటు లేదు. పైకప్పు లేని ప్రదేశానికి నిషేధం వర్తించదన్నది మరో అపోహ. బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, స్టేడియంలు వంటి ప్రజలు వచ్చే చోట్లకు ఆరుబయట అన్న మినహాయింపు వర్తించదు.

పాఠశాల ప్రాంగణం

18 ఏళ్లలోపు వారికి పొగాకు ఉత్పత్తులు విక్రయించడం, విద్యాసంస్థకు 100 గజాల లోపు విక్రయించడం నిషిద్ధం. ఈ దూరాన్ని ప్రహరీ వెలుపలి అంచు నుంచి కొలవాలి. గేటు నుంచి దారి వెంబడి కాదు. గేటుకు దూరమైనా వెనుక గోడకు ఆనుకొని ఉన్న దుకాణం కూడా నిషేధ పరిధిలోకే వస్తుంది. 100 గజాల హద్దును పసుపు రంగు గీతతో సూచించాలని, పర్యవేక్షణకు పొగాకు మానిటరును నియమించాలని పొగాకు రహిత విద్యాసంస్థల మార్గదర్శకాలు చెబుతున్నాయి. బాలలకు పొగాకు అందజేసినవారికి 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ క్రింద 7 ఏళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించే అవకాశమున్నది. ఇ-సిగరెట్ల తయారీ, విక్రయం, నిల్వలను 2019 నాటి చట్టం పూర్తిగా నిషేధించింది.

మానాలనుకునేవారికి చేయూత

జరిమానా విధించడంతోనే సంస్థాధిపతి కర్తవ్యం ముగియదు. పొగాకు ఒక వ్యసనం. మానదలచినవారికి తోడ్పాటు అవసరం. జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356 ద్వారా ఉచితంగా సలహాలు పొందవచ్చు. ఈ నంబరును పొగాకు ఉత్పత్తుల ప్యాకెట్లపై 2018 సెప్టెంబరు నుంచి ముద్రిస్తున్నారు. నిషేధ బోర్డు ప్రక్కనే ఈ నంబరును కూడా ప్రదర్శించడం ఖర్చు లేని మేలు.

పాత్రికేయులు, తనిఖీ అధికారులు ఏ కార్యాలయానికి వెళ్లినా మూడు విషయాలు పరిశీలించవచ్చు. బోర్డు ఉన్నదా? దానిపై పేరు ఉన్నదా? ఆ పేరుగల వ్యక్తి ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నారా? బదిలీపై వెళ్లిన అధికారి పేరుతో కొనసాగుతున్న బోర్డు వలన ప్రయోజనం లేదు. కనుక ప్రతి కార్యాలయాధిపతి బాధ్యతలు స్వీకరించిన మొదటి వారంలోనే ఆ పేరును సరిచూసుకోవడం సముచితం.