ఉపాధిని ఎన్నుకునేటప్పుడు మనల్ని నడిపించేది ఏమిటి?

 



కొన్నేళ్ళ క్రితం ఒక శుక్రవారం, నమాజు ముగిసి అందరూ వెళ్ళిపోయాక, ఒక యువకుడు వచ్చి మా ఎదుట కూర్చున్నాడు. అతని తాత దూది ఏకేవారు. తండ్రి పరుపులు కుట్టేవారు. ఫోము పరుపులు వచ్చాక ఆ ఇంట దూది ఏకే విల్లు మూలన పడింది. కౌలుకు వేసిన వేరుశనగ ఆ ఏడు వాన లేక నేలలోనే మాడిపోయింది. “హజరత్, నేను ఏ పని పట్టుకోవాలి?” అని అడిగాడు. మేము సబర్ వహించమని చెప్పి, దుఆ చేసి పంపించాము. ఆ నెలలోనే అతడు కూలిపని వెతుక్కుంటూ బెంగళూరు బస్సెక్కాడు. వలస వెళ్ళడం తప్పు కాదు. కానీ అతడు అడిగిన ప్రశ్నకు మేము సమాధానం చెప్పలేదన్నది వాస్తవం. నేటి ప్రసంగంలో ఆ ప్రశ్ననే మళ్ళీ చేతిలోకి తీసుకుంటున్నాము.

ఏ పని చేయాలన్న ప్రశ్నకు ముందు ఎందుకు చేయాలన్న ప్రశ్న ఒకటుంది. తబరానీ ఉల్లేఖించిన ఒక హదీసులో ఈ విషయం స్పష్టంగా ఉంది. దృఢకాయుడు, చురుకైనవాడు అయిన ఒక మనిషిని చూసి, ఇతని శ్రమ దైవమార్గంలో అయివుంటే ఎంత బాగుండేదని సహాబీలు అనుకున్నారు. అందుకు మహాప్రవక్త (స) ఇచ్చిన సమాధానం సారాంశమిది: అతడు పసిపిల్లల పోషణకై బయలుదేరివుంటే దైవమార్గంలోనే ఉన్నాడు, వృద్ధులైన తల్లిదండ్రుల కోసమైతే దైవమార్గంలోనే ఉన్నాడు, తాను చేయి చాచకుండా గౌరవంగా బ్రతకాలని బయలుదేరినా దైవమార్గంలోనే ఉన్నాడు. నలుగురికి చూపించుకోవడానికీ, గొప్పలు చెప్పుకోవడానికీ అయితే షైతాను మార్గంలో ఉన్నాడు. మనిషీ అతడే, చెమటా అదే. సంకల్పాన్ని బట్టి మార్గం మారిపోయింది.

మనిషిని వృత్తి వైపు నడిపించేది ఏమిటన్న ఈ ప్రశ్నను లౌకిక విద్యావేత్తలు కూడా పరిశోధించారు. అందులో పేరుపొందిన ఒక ప్రయోగం మన తెలుగునేల మీదే, కాకినాడలో జరిగిందని మనలో చాలామందికి తెలియదు.

అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లిలాండ్, ఏదైనా సాధించాలన్న తపన పుట్టుకతో స్థిరపడిపోయేది కాదని, పెద్దలకు సైతం దాన్ని నేర్పవచ్చని భావించారు. 1964లో కాకినాడకు చెందిన చిన్న వ్యాపారులను, పారిశ్రామికులను బృందాలుగా హైదరాబాదుకు రప్పించారు. చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో వారికి శిక్షణ ఇప్పించారు. యూసుఫ్‌గూడలో నేడు జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థగా ఉన్నది అదే. అక్కడ వారికి ఇచ్చింది డబ్బు కాదు. తమ గురించి తాము ఆలోచించుకోవడం, అందగల లక్ష్యాన్ని నిర్ణయించుకోవడం, దాన్ని చేరుతున్నామా లేదా అని లెక్క చూసుకోవడం నేర్పారు. తరువాత శిక్షణ పొందని వారితో, రాజమండ్రి వ్యాపారులతో సహా, వీరిని పోల్చి చూశారు. శిక్షణ పొందినవారు కొత్త పనులు ఎక్కువగా ప్రారంభించారు, ఎక్కువ పెట్టుబడి పెట్టారు, ఎక్కువమందికి పని కల్పించారు. ఈ ఫలితాలను మెక్లిలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో గ్రంథంగా ప్రచురించారు.

అందులో మనం ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఒకటుంది. కులం గానీ, సంప్రదాయ విశ్వాసాలు గానీ వారి పురోగతికి అడ్డు కాలేదు. మతనిష్ఠ ఉన్నవాడు విధి మీద భారం వేసి చేతులు ముడుచుకు కూర్చుంటాడని తరచూ వినిపించే మాటను కాకినాడ అనుభవం బలపరచలేదు. ఒంటెను కట్టివేసి తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని బోధించిన ప్రవక్త (స) అనుచరులకు ఇది ఆశ్చర్యం కలిగించదు. అల్లాహ్‌పై నిజమైన నమ్మకం ఉంటే పక్షులకు లభించినట్లే ఉపాధి లభిస్తుందని చెప్పిన హదీసులోనూ ఆ పక్షులు ఉదయాన్నే గూడు విడిచి వెళుతున్నాయి గదా!

మెక్లిలాండ్ ప్రసిద్ధికెక్కించిన ఒక ఆట ఉంది. నేలపై ఒక మేకు నిలిపి, తాటి రింగులు ఇచ్చి, మీకు తోచిన దూరంలో నిలబడి వేయమంటారు. కొందరు తప్పే వీలు లేనంత దగ్గరగా నిలబడతారు. కొందరు తగిలితే అదృష్టమే అన్నంత దూరం పోతారు. సాధించాలన్న తపన ఉన్నవారు మాత్రం, గురి చూసి ప్రయత్నిస్తే తగిలే మధ్య దూరాన్ని ఎన్నుకుంటారు. ఆ రింగు పడటం, పడకపోవడం తన చేతి నేర్పు మీద ఆధారపడే చోటు అదే.

మన కళ్యాణదుర్గంలో ఎవరెక్కడ నిలబడ్డామో ఒకసారి చూసుకుందాం. ప్రభుత్వ ఉద్యోగం వస్తే సరి, లేకపోతే ఏ పనీ వద్దని, నోటిఫికేషన్ల కోసం ఏళ్ళు గడిపే యువకులున్నారు. ఆ ఉద్యోగం గౌరవప్రదమైనదే. అయితే ఎదురుచూడటమే వృత్తి కాకూడదు. ఇక రెండవవైపు చూడండి. వర్షపాతం చాలా తక్కువగా ఉండే జిల్లా ఇది. మూడు బోర్లు ఎండిపోయాక, వడ్డీకి తెచ్చి నాలుగవది వేయించే రైతును మనమందరం ఎరుగుదుము. ఆ మనిషిని నిందించడానికి మాకు నోరు రాదు, ఎండుతున్న తోటను చూస్తూ ఊరుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. కానీ ఇల్లు కుదువపెట్టి ముక్కూ మొహం తెలియని ఏజెంటుకు గల్ఫ్ వీసా సొమ్ము చెల్లించేవాడు, ఫోనులో పందేలు కాసేవాడు కూడా అంత దూరంలోనే నిలబడివున్నారు. ఈ చివరిది జూదం, నిస్సందేహంగా హరామ్. దాన్ని వ్యాపారమని పిలిచే అలవాటు మన పిల్లల్లో మొదలైంది.

మధ్య దూరంలో నిలబడటం ఎలాగో హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) జీవితంలో చూడవచ్చు. ఆయన మక్కాను వదిలి మదీనాకు వచ్చినప్పుడు, అన్సారీ సోదరుడైన హజ్రత్ సాద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వజూపారు. ఆయన దుఆ చేసి, బజారు ఎటువైపు ఉందో చూపించమని మాత్రమే కోరారు. జున్ను, నెయ్యి అమ్మి లాభంతో తిరిగివచ్చారు. కొద్దికాలానికే ఖర్జూర గింజంత బంగారం మహరుగా ఇచ్చి వివాహం చేసుకున్నారు. తనకు తెలిసిన పని, తన వల్ల అయ్యే సరుకు, తన కంటి ముందున్న బజారు. ఆయన మొదటి రోజునే దూరదేశాలకు బిడారులు పంపలేదు.

అయితే కాకినాడ ప్రయోగం మరొక విషయాన్ని కూడా బయటపెట్టింది. శిక్షణ వల్ల బాగా లాభపడినవారు తమ వ్యాపారంపై తామే నిర్ణయం తీసుకోగల స్థితిలో ఉన్నవారు. ఒకరి కింద పనిచేస్తూ చేతిలో అధికారం లేనివారికి ఆ తపన అంతగా ఉపయోగపడలేదు. మనసులో ఉత్సాహం నింపినంత మాత్రాన సరిపోదు, చేతికి పని సాధనం కూడా అందాలి. మా తప్పు ఇక్కడే జరిగింది.

హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన సంఘటనను అబూ దావూద్ గ్రంథస్థం చేశారు. ఒక అన్సారీ యాచిస్తూ వచ్చినప్పుడు, ఇంట్లో ఏముందని మహాప్రవక్త (స) విచారించారు. కప్పుకునే ఒక దుప్పటి, నీళ్ళు తాగే ఒక పాత్ర ఉన్నాయి. వాటిని తెప్పించి వేలం వేశారు. ఒకరు ఒక దిర్హమ్ అన్నారు, మరొకరు రెండింటికి తీసుకున్నారు. ఒక దిర్హముతో ఇంటికి ఆహారం, రెండవదానితో గొడ్డలి. ఆ గొడ్డలికి స్వయంగా తన శుభహస్తాలతో కర్ర బిగించారు. కట్టెలు కొట్టి అమ్ముకొమ్మని, 15 రోజుల వరకు తనకు కనబడవద్దని చెప్పి పంపారు. అతడు పది దిర్హములు సంపాదించి తిరిగివచ్చాడు. ఇక్కడ హితబోధ ఉంది, పెట్టుబడి ఉంది, పనిముట్టు ఉంది, గడువు ఉంది, గడువు ముగిశాక లెక్క చూడటమూ ఉంది. మేము ఆ యువకునికి హితబోధ మాత్రమే ఇచ్చాము.

కాబట్టి ఈ రమజాన్‌లో జకాత్ సొమ్మును చిన్న చిన్న నోట్లుగా పంచడంతో సరిపెట్టకుండా, కొంత భాగంతో పనిముట్లు కొనివ్వాలని మా అభిప్రాయం. కుట్టుమిషను, వెల్డింగ్ సెట్టు, పండ్ల బండి, ఏదైనా సరే. ఇంటి నుంచి పని చేయదలచిన సోదరీమణులను మరువవద్దు. ప్రవక్త (స) వర్తకానికి తన పెట్టుబడినిచ్చి పంపిన హజ్రత్ ఖదీజా (రజి) మన తల్లి. ఒక మస్అలా గుర్తుంచుకోండి: జకాత్‌తో కొన్న వస్తువు అర్హుడైన పేదవాని పూర్తి సొంతం కావాలి. మస్జిద్ సొత్తుగా ఉంచి అద్దెకిస్తే జకాత్ చెల్లదు. తిరిగి తీసుకోదలచిన సొమ్మును సదఖా నుంచి, దాతల అనుమతితో, ఖర్జె హసనాగా ఇవ్వవచ్చు. దానిపై రూపాయి కూడా అదనంగా తీసుకోరాదు.

నమాజు ముగిశాక భూమిపై వ్యాపించి దైవానుగ్రహాన్ని అన్వేషించాలని సూరా జుముఆ మనల్ని ఆదేశిస్తోంది. ఈ రోజు ఆ అన్వేషణకు ముందు పది నిమిషాలు వజూఖానా పక్క గదిలో కూర్చుందాం. పని వెతుకుతున్నవారు తమకు వచ్చిన పని ఏదో, కావలసిన సాధనమేదో చెప్పండి. ఇవ్వగలిగినవారు ఎంత ఇవ్వగలరో చెప్పండి. ఆ యువకుడు బెంగళూరులో టైల్సు పరిచే పని నేర్చుకున్నాడని, పండుగకు ఊరికి వస్తున్నాడని తండ్రి చెప్పారు. టైల్సు కోసే మిషను వెల ఎంతో కనుక్కోమని ముతవల్లీ సాహెబుకు చెప్పివుంచాము.