డాబాకు పొరలే రక్ష.. వరుస తప్పితే చెమ్మే!

నేరేడుచర్ల: తొలకరి చినుకు పడగానే రైతు నారుమడి వైపు చూస్తే, పదిహేనేళ్ల కిందట డాబా కట్టుకున్న ఇంటి యజమాని పైకప్పు వైపు చూస్తాడు. గది మూలన నల్లటి మరక కనిపిస్తుంది. నాలుగు వానలకు అది చాపంత అవుతుంది. సున్నం పొడి రాలుతుంది. చివరకు గిలాబు పెచ్చులు ఊడి మంచంపై పడతాయి. అప్పుడు మేస్త్రీని పిలిచి డాబాపై సిమెంటు పాలు పోయించడమో, దుకాణంలో దొరికిన డబ్బా రంగు వేయించడమో పరిపాటి. మరుసటి ఏడాది మళ్లీ అదే మరక, అదే ఖర్చు. చాలా సందర్భాల్లో లోపం కొన్న సరకులో కంటే పని చేసిన వరుసలోనే ఉంటుంది. చదును పైకప్పును కాపాడేది ఏదో ఒక్క పూత కాదు. ఒకదానిపై ఒకటి క్రమంగా పరిచే పొరలే దానికి రక్ష. ఏ పొర ఏ పని చేస్తుందో తెలిస్తే ఏటా పెట్టే ఖర్చు తగ్గుతుంది, నెత్తిన పొంచి ఉన్న ప్రమాదమూ తప్పుతుంది.

వాలు పోయింది.. చిక్కు వచ్చింది

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలైంది. ఎడమ కాలువ ఆయకట్టులో వరి విస్తరించి, రైతుల చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. మఠంపల్లి, మేళ్లచెరువు ప్రాంతాల్లోని సున్నపురాయి ఆధారంగా సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. క్రమేణా తాటాకు ఇళ్లు, పెంకుటిళ్ల స్థానంలో డాబాలు లేచాయి.

పెంకుటింటికి వాలే రక్ష. పై పెంకు కింది పెంకును కప్పుతూ పోతుంది కనుక పడిన చినుకు ఆగకుండా చూరు దాటుతుంది. డాబా చదునుగా ఉంటుంది. 5 సెంటీమీటర్ల వాన కురిస్తే 1000 చదరపు అడుగుల డాబాపై సుమారు 4,600 లీటర్ల నీరు పడుతుంది. దానికి దారి చూపకపోతే అది తనంతట తానే దారి వెతుక్కుంటుంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కోదాడ, హుజూర్‌నగర్ ప్రాంతాలను ముంచెత్తిన వంటి వానలకు ఏ చిన్న పగులైనా చాలు.

పూర్వికులకు తెలిసిన విద్యే

చదును కప్పు ఈనాటిది కాదు. కోస్తా పట్టణాల్లోని పాత మేడలు, రైల్వే భవనాలపై ‘మద్రాసు టెర్రస్’ నేటికీ కనిపిస్తుంది. అందులో టేకు దూలాలపై పలుచని ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసల్లో డంగు సున్నంతో పేర్చేవారు. దానిపై ఇటుక ముక్కలు, సున్నం కలిపిన కాంక్రీటు పరిచి, కూలీలు వరుసగా కూర్చుని కొయ్య దిమ్మిసలతో రోజుల తరబడి కొట్టేవారు. బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీటిని చిలకరించేవారు. అన్నింటికీ పైన పలుచని పలకలు పరిచి సందులు పూడ్చేవారు. బరువు మోసే పొర ఒకటి, నీటిని వాలుగా నడిపించే పొర మరొకటి, ఎండవానలను తట్టుకునే పొర ఇంకొకటి. సరకులు మారినా నేటి ఇంజినీర్లు పాటిస్తున్న సూత్రం ఇదే.

స్లాబు ఎందుకు కారుతుంది?

సిమెంటు గట్టిదే గానీ నీటికి పూర్తిగా అభేద్యం కాదు. కాంక్రీటు గట్టిపడే క్రమంలో అందులోని అదనపు నీరు ఆవిరై కంటికి కనిపించని రంధ్రాలు మిగులుతాయి. పని సులువవుతుందని కలిపేటప్పుడు నీరు ఎక్కువ పోస్తే రంధ్రాలూ ఎక్కువే. పోసిన తర్వాత మడి కట్టి తగినన్ని రోజులు నీరు నిలపకపోతే పైన వెంట్రుక పగుళ్లు వస్తాయి.

రెండో కారణం ఎండ. వేసవిలో ఇక్కడ ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులున్నాయి. అలాంటి రోజుల్లో డాబా ఉపరితలం 60 డిగ్రీలకు పైగా కాలుతుంది. కాంక్రీటు వేడికి సాగి, చల్లబడితే కుంచించుకుపోతుంది. 40 డిగ్రీల తేడాకు 40 అడుగుల స్లాబు పొడవులో వచ్చే మార్పు సుమారు 5 మిల్లీమీటర్లు. ఈ కదలికకు ముందుగా విచ్చుకునేది పిట్టగోడ, స్లాబు కలిసే చోటు. పైన గట్టిగా రాసిన సిమెంటు పాలకు సాగే గుణం లేదు. అందుకే ఆ పూత ఒక్క వేసవికే చిట్లిపోతుంది.

వరుస ఇదీ..

మొదటిది శుభ్రం, మరమ్మతు. పాచి, పాత రంగు, పొట్టులా లేచిన గచ్చు తీసేయాలి. పగుళ్లను కొద్దిగా వెడల్పు చేసి, సాగే గుణమున్న పూరకంతో నింపాలి. పై అంతస్తు కోసం వదిలిన పిల్లర్ల చువ్వలను మరవరాదు. వాటి మొదట్లో నీరు నిలిస్తే చువ్వ వెంబడే స్లాబులోకి దిగుతుంది.

రెండోది వాలు. నీరు పోయే గొట్టం వైపు ప్రతి 10 అడుగులకు కనీసం అంగుళానికి తగ్గకుండా వాలు రావాలి. దీనికి ఇటుక ముక్కల కోబా గానీ, సిమెంటు కాంక్రీటు గానీ వాడతారు. గొట్టాలు రెండైనా ఉంటే ఆకులు, ఊక అడ్డుపడి ఒకటి మూసుకుపోయినా రెండోది ఆదుకుంటుంది.

మూడోది గోలా. పిట్టగోడ, స్లాబు కలిసే మూలను గుండ్రంగా మలచాలి. మూల పదునుగా ఉంటే పైన పరిచే పట్టా అక్కడే విరుగుతుంది.

నాలుగోది ప్రైమరు. ఆరిన ఉపరితలానికి, పై పొరకు మధ్య పట్టు కలిగించేది ఇదే. ఖర్చు మిగులుతుందని దీనిని వదిలేస్తే పైన ఎంత ఖరీదైన సరకు వేసినా ఊడి వస్తుంది.

ఐదోది అసలు నీటి నిరోధక పొర. ఆరోది దానిని కాపాడే పైపొర.

తారు పట్టాలు, పూతలు

నీటి నిరోధక పొరలో ఎక్కువ కాలం వాడుకలో ఉన్నది తారు పట్టా పద్ధతి. దీనికి భారత ప్రమాణం ఐఎస్ 1346. కాచిన తారు, దానిపై పట్టా, మళ్లీ తారు, మళ్లీ పట్టా, ఆపై తారు, చివరగా సన్న గులకరాళ్లు. ఇలా ఆరు వరుసలు వస్తాయి. ఒక్క పట్టాతో సరిపెడితే నాలుగు వరుసలవుతాయి. రెండు పట్టాలు వేసినప్పుడు కింది అతుకులపై పై అతుకులు పడకుండా చూస్తారు. ఒక పొరలో లోపం ఉన్నా నీరు నేరుగా దిగకుండా రెండోది అడ్డుకుంటుంది.

ఇప్పుడు రసాయన మిశ్రమం కలిపిన తారు పట్టాల వాడకం పెరిగింది. ఇవి 3 లేదా 4 మిల్లీమీటర్ల మందంలో, మీటరు వెడల్పు, 10 మీటర్ల పొడవు గల చుట్టలుగా వస్తాయి. మధ్యలో పాలిస్టరు లేదా గాజునూలు అల్లిక ఉంటుంది. గ్యాసు మంటతో అడుగు భాగాన్ని కరిగించి అతికిస్తారు. పక్క అతుకు 100 మిల్లీమీటర్లు, చివర అతుకు 150 మిల్లీమీటర్లకు తగ్గరాదు. పిట్టగోడపై కనీసం 150 మిల్లీమీటర్లు ఎక్కించి, గాడిలోకి దూర్చి మూయాలి. పని పల్లపు వైపు నుంచి మొదలుపెట్టి ఎగువకు సాగాలి. తాటాకు కప్పులో పై ఆకు కింది ఆకును కప్పినట్లే, ఎగువ పట్టా అంచు దిగువ పట్టాపైకి రావాలి. తిరగేస్తే అతుకే నీటికి నోరు తెరుస్తుంది.

ద్రవరూప పూతలు మరో మార్గం. అక్రిలిక్, పాలియురేథేన్, పాలిమర్ కలిపిన సిమెంటు పూతలు ఈ కోవలోవి. మొదటి పూత పచ్చిగా ఉండగానే సన్నని గాజునూలు వల పరిచి, అది ఆరాక మొదటి దానికి అడ్డంగా రెండో పూత వేయాలి. వల లేకుండా పలుచగా ఒక్క చేయి రుద్ది వదిలేస్తే అది రంగే తప్ప కవచం కాదు.

తడిపై వేస్తే బుడగలే

ఇంట్లోకి నీరు దిగాక, రెండు వానల మధ్య తెరిపి చూసి పట్టా వేయించడం తరచూ జరిగే పొరపాటు. స్లాబులో మిగిలిన తడి పట్టా కింద చిక్కుకుంటుంది. ఎండ కాయగానే ఆవిరై పట్టాను పైకి నెడుతుంది. బుడగలు లేచి పగులుతాయి. స్లాబు పూర్తిగా ఆరి ఉండే వేసవి నెలలే ఈ పనికి అనువు. వానాకాలంలో తాత్కాలికంగా పగుళ్లు పూడ్చి, గొట్టాలు శుభ్రం చేసుకుని, అసలు పని వేసవికి పెట్టుకోవడం మేలు.

మరో పొరపాటు పాత పొరలపై కొత్త పొరలు మోపుతూ పోవడం. నాలుగంగుళాల కోబా 1000 చదరపు అడుగుల డాబాపై సుమారు 17 టన్నుల బరువు వేస్తుంది. పాతది తీయకుండా దానిపై మరొకటి వేస్తే ముసలి స్లాబు ఎంత మోయగలదో ఆలోచించాలి.

పట్టా పరిచిన డాబాపై వడ్లు, మిర్చి ఆరబోసి ఇనుప పారతో ఎత్తితే అది చిరుగుతుంది. డిష్ యాంటెన్నాకు మేకులు దిగ్గొట్టినా అంతే. మనుషులు తిరిగే డాబా అయితే పట్టాపై పలకలు గానీ, సన్న కాంక్రీటు గానీ పరచడం తప్పనిసరి.

తెల్లరంగు గొడుగు కాదు

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్ 3న కూల్ రూఫ్ విధానాన్ని విడుదల చేసింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలతో పాటు 600 చదరపు గజాలు, ఆపై స్థలంలో కట్టే ఇళ్లకు చల్లని పైకప్పును తప్పనిసరి చేసింది. చిన్న ఇళ్లకు ఇది ఐచ్ఛికం. తెల్లని పూత, తెల్ల పలకలు ఎండను తిప్పికొట్టి గది వేడిని తగ్గిస్తాయి. కింది పట్టా వేడికి ఎండిపోకుండానూ కాపాడతాయి. అయితే ఎండను ఆపే రంగు వేరు, నీటిని ఆపే పొర వేరు. రెండు గుణాలూ ఉన్న పూత అని డబ్బాపై స్పష్టంగా లేకపోతే తెల్లరంగును నీటి నిరోధకంగా భావించరాదు.

మరక వెనుక తుప్పు

చెమ్మను కేవలం గోడల అందం సమస్యగా చూడటమే అసలు ప్రమాదం. దిగిన నీరు చువ్వలను చేరితే తుప్పు మొదలవుతుంది. తుప్పు, ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికే కింది కాంక్రీటు పగిలి పెచ్చులుగా రాలుతుంది. చువ్వలు బయటపడ్డాక పైన ఎన్ని పొరలు వేసినా చాలదు. కింద వదులైన భాగాన్ని కొట్టేసి, చువ్వల తుప్పు గీకి, నిరోధక పూత రాసి, పాలిమర్ కలిపిన సిమెంటుతో పూడ్చాలి. స్లాబు కిందికి వంగినా, చువ్వలు సన్నబడినా ఇంజినీరుకు చూపించకుండా ఆ గదిలో నిద్రించడం క్షేమం కాదు.

డబ్బు చెల్లించే ముందు..

మరక కనిపించిన చోటే నీరు దిగిందనుకోరాదు. స్లాబు పైన ఒక మూల దిగిన నీరు పగులు వెంట నడిచి మరోచోట కారవచ్చు. వానలు లేని రోజుల్లోనూ తడి ఆరకపోతే ముందుగా నీళ్ల ట్యాంకును, గొట్టాలను అనుమానించాలి.

కూలి మాట్లాడుకునేటప్పుడు సరకు పేరు, పట్టా మందం లేదా పూతల సంఖ్య, గోడపై ఎక్కించే ఎత్తు, హామీ కాలం కాగితంపై రాయించుకోవాలి. తారు పట్టాపై ఐఎస్ 1322, కాంక్రీటులో కలిపే నీటి నిరోధక ద్రవంపై ఐఎస్ 2645 గుర్తు చూసుకోవాలి. పని పూర్తయి పొర ఆరాక, పైపొర వేయకముందే గొట్టాలు మూసి అంగుళం ఎత్తున 48 గంటలు నీరు నిలిపి చూడాలి. 1000 చదరపు అడుగులపై ఆ నీటి బరువు సుమారు 2,300 కిలోలు కనుక బలహీనపడిన స్లాబులపై ఈ పరీక్ష ఇంజినీరు సలహాతోనే చేయాలి. పరీక్షలో నెగ్గాకే మిగతా సొమ్ము చెల్లించడం మంచిది.

2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద రూ.5 లక్షల సాయంతో కట్టుకునే చిన్న ఇళ్లకూ ఇదే వర్తిస్తుంది. చేతిలో డబ్బు అయిపోయే దశలో వాయిదా పడేది తరచూ పైకప్పు పనే. పట్టా తర్వాత వేసుకోవచ్చు. కానీ స్లాబు పోసే రోజున కాంక్రీటులో నీరు తగుమాత్రంగా కలపడం, మరుసటి రోజు నుంచి మడి కట్టి తడపడం, గొట్టం వైపు వాలు ఉంచడం, గోలా కట్టడం అప్పుడే జరగాలి. వీటికి అయ్యే ఖర్చు స్వల్పం. అప్పుడు వదిలేస్తే పదేళ్ల తర్వాత చెల్లించాల్సిన మూల్యం ఎన్నో రెట్లు.