ముఖంపై వచ్చే సమస్యలు: ఉపద్రవాల ముప్పును పెంచే ఆరోగ్య కారకాలు

లక్ష్యం: ఈ భాగం చదివిన తరువాత, ముఖంపై వచ్చే చిన్న ఇన్‌ఫెక్షన్ కొందరిలోనే ఎందుకు ప్రమాదకరంగా మారుతుందో మీరు వివరించగలుగుతారు.

1. ముఖం ప్రత్యేకత

ముక్కు పక్కన సెగగడ్డ లేస్తే, పెనుగొండ వంటి మన ఊళ్ళలో సున్నం, బెల్లం కలిపి పట్టు వేయడమో, గోటితో చిదమడమో పరిపాటి. చాలామందికి అది తగ్గిపోతుంది కూడా. అయితే ముక్కు మొదలు నుంచి రెండు పెదవి మూలల వరకు గల త్రికోణ ప్రాంతంలోని సిరలకు, కంటిగుంట సిరల ద్వారా, మెదడు అడుగునున్న కావర్నస్ సైనస్‌తో సంబంధం ఉంది. ఈ సిరల్లో రక్తం వెనుకకు కూడా ప్రవహించగలదు. అరుదుగానైనా, చిదిమిన గడ్డలోని బాక్టీరియా ఈ దారిన లోపలికి చేరి, అక్కడ రక్తం గడ్డకట్టడానికి కారణమవుతుంది. అది ప్రాణాపాయ స్థితి.

2. ముప్పును పెంచే కారకాలు

అ) మధుమేహం: రక్తంలో గ్లూకోజ్ అదుపు తప్పితే, సూక్ష్మజీవులను చంపే శక్తి తెల్లరక్తకణాలకు తగ్గుతుంది.

ఆ) స్టెరాయిడ్లు: ఇవి రోగనిరోధక శక్తిని అణచివేస్తాయి, గ్లూకోజ్‌ను కూడా పెంచుతాయి.

ఇ) నిరోధకశక్తి తగ్గిన ఇతర స్థితులు: కాన్సర్ చికిత్స, అవయవ మార్పిడి తరువాత వాడే మందులు.

ఈ) పంటిచీము: చికిత్స చేయకపోతే దవడకు, మెడకు పాకుతుంది.

3. ఉదాహరణ: 2021 అనుభవం

కోవిడ్ రెండవ వేవ్‌లో 'బ్లాక్ ఫంగస్' అనే మ్యూకార్‌మైకోసిస్ మన రాష్ట్రాన్ని కలవరపెట్టింది. దీని బీజాలు మట్టిలో, కుళ్ళిన ఆకుల్లో, గాలిలో ఎప్పుడూ ఉండేవే. మారింది మనిషి శరీరస్థితి. అదుపులేని మధుమేహానికి కోవిడ్ చికిత్సలోని స్టెరాయిడ్లు తోడయ్యాయి. ఆంఫోటెరిసిన్-బి ఇవ్వడంతోపాటు, చచ్చిన కణజాలాన్ని శస్త్రచికిత్సతో తొలగించవలసి వచ్చింది. కొందరు కన్నును, పైదవడను కోల్పోయారు. 2021 మే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది.

4. ఆలస్యం చేయకూడని లక్షణాలు

ముఖం ఒక పక్క నొప్పి, వాపు లేదా తిమ్మిరి, ముక్కు నుంచి నల్లని స్రావం, పళ్ళు కదలడం, కనురెప్ప వాలడం, ఒకే వస్తువు రెండుగా కనబడటం, జ్వరంతో కూడిన తీవ్రమైన తలనొప్పి. తణుకుకో, భీమవరానికో పోవలసిన రోగికి ఒక్క రోజు ఆలస్యమైనా నష్టమే.

5. సారాంశం

గడ్డ ఎంత చిన్నది అన్నదానికంటే, అది ఎవరికి, ఎక్కడ వచ్చింది అన్నది ముఖ్యం. మధుమేహం ఉన్నవారు ముందుగా గ్లూకోజ్ పరీక్ష చేయించుకోవాలి. స్టెరాయిడ్లు వాడుతున్నవారు వాటిని తమంతట తాము హఠాత్తుగా ఆపరాదు. వైద్యుని సలహా తీసుకోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: బీజాలు గాలిలో అందరి చుట్టూ ఉన్నా, మ్యూకార్‌మైకోసిస్ కొందరికే ఎందుకు సోకుతుంది? ఐదు వాక్యాల్లో రాయండి.