వీసా అక్కరలేదు, షరతు మాత్రం ఉంది

"వీసా లేకుండానే వెళ్ళి రావచ్చు" అన్న మాట గత రెండు మూడు సంవత్సరాలుగా మన ఇళ్ళలో తరచుగా వినవస్తున్నది. 2023 నవంబరు 10 నుండి థాయిలాండ్, అదే ఏడాది డిసెంబరు 1 నుండి మలేషియా భారతీయ సందర్శకులకు వీసా నిబంధనను తొలగించాయి. 2024 ఏప్రిల్‌లో విశాఖపట్నం నుండి బ్యాంకాకుకు, కౌలాలంపూర్‌కు నేరుగా విమానాలు మొదలయ్యాయి. మా చోడవరం వంటి చెరకు పల్లెల నడుమనున్న పట్టణానికి సైతం విదేశం ఒక్కసారిగా దగ్గరైనట్లు తోచింది. రైలులో హైదరాబాదు చేరే సమయం కన్నా తక్కువ సమయంలో సముద్రం దాటి మరో దేశంలో దిగవచ్చునన్న మాట మన యువకుల మనసులను ఆకర్షించడంలో ఆశ్చర్యం లేదు.

ఇది మంచి పరిణామమే. భూమిపై సంచరించి సృష్టికర్త సూచనలను కనులారా చూడమని దివ్య ఖుర్ఆన్ పదే పదే ప్రోత్సహించింది. దూరాన ఉన్న బంధువులను పరామర్శించడం, వైద్యం కోసం వెళ్ళడం, కుటుంబంతో నాలుగు రోజులు విహరించడం ధర్మసమ్మతమైన కోరికలే. అయితే ఈ ఒక్క మాటను రెండు రకాల మనుషులు రెండు విధాలుగా అర్థం చేసుకుంటున్నారు. చూసి రావాలనుకునే వానికి అది సౌకర్యం. సంపాదించుకోవాలనుకునే వానికి అదే మాట గొయ్యి కావచ్చు. ఈ తేడాను మన కుటుంబాల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కాగితం చెప్పే మాట

గల్ఫ్ దేశాలకు బయలుదేరేవారి తల్లిదండ్రులు వీసా కాగితాన్ని మా మదరసాకు తెచ్చి, "హజ్రత్, ఇందులో ఏముందో కాస్త చదివి చెప్పండి" అని అడగడం మాకు అలవాటైన విషయమే. కాగితం అరబ్బీలో ఉంటుంది గనుక మమ్మల్ని అడుగుతారు. అప్పుడు మేము ముందుగా వెదికేది ఒకే పదం. 'అమల్' అని ఉంటే అది పని కోసం ఇచ్చిన వీసా. 'జియారహ్' అని ఉంటే అది కేవలం సందర్శన కోసం ఇచ్చినది. సౌదీ సందర్శన వీసాలపై పని చేయుటకు అనుమతి లేదన్న వాక్యం కూడా ముద్రించి ఉండటం కద్దు. ఏజెంటు నోటితో చెప్పినది ఒకటి, కాగితం చెప్పేది మరొకటి అయినప్పుడు తల్లిదండ్రులు కనీసం ఆ రోజున తెలుసుకుంటారు.

ప్రయోజనం మారితే ఏమవుతుందో 2024 హజ్ మనకు చూపింది. ఆ ఏడాది తీవ్రమైన ఎండలో 1,301 మంది మరణించారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వారిలో 83 శాతం మంది హజ్ అనుమతి లేనివారు. నీడ, విశ్రాంతి లేకుండా నేరుగా ఎండలో చాలా దూరం నడిచినవారు. సందర్శన వీసాతో మక్కాలో ఉండిపోయి హజ్ చేయవచ్చునని చెప్పే ఏజెంట్లు ఉన్నారు. ఆ కాగితంపైనే హజ్‌కు చెల్లదని రాసి ఉంటుంది.

ఇప్పుడు వీసా అక్కరలేని దేశాల సంగతి ఆలోచించండి. అక్కడికి వెళ్ళేవానికి చదివించుకోవడానికి కాగితమే ఉండదు. కాగితం లేదు గనుక షరతు కూడా లేదని అతడు భావిస్తాడు. నిజానికి తొలగిపోయినది కాగితమే. షరతు అలాగే ఉంది. విమానాశ్రయంలో పాస్‌పోర్టుపై ముద్ర వేసినా, యంత్రంలో నమోదు చేసినా, ఆ దేశం చెప్పేది ఒకటే: "నీవు అతిథివి. ఇన్ని రోజులు ఉండవచ్చు. ఇక్కడ కూలికి గాని, జీతానికి గాని పని చేయరాదు."

నాలుగు రకాల ద్వారాలు

వీసా లేదన్న మాట కింద నాలుగు వేర్వేరు ఏర్పాట్లను కలిపివేస్తున్నారు. వాటిని విడదీసి చూడాలి.

మొదటిది, పొరుగు బంధం. నేపాల్‌కు వెళ్ళే భారతీయునికి పాస్‌పోర్టు లేదా ఓటరు గుర్తింపు కార్డు ఉంటే చాలు. 1950 నాటి ఒప్పందం ఇందుకు మూలం. ఆధార్ కార్డును నమ్ముకుని బయలుదేరరాదు.

రెండవది, అసలైన వీసా రహిత ప్రవేశం. మలేషియా 30 రోజులు ఇస్తున్నది. ఈ సదుపాయాన్ని 2026 డిసెంబరు 31 వరకు పొడిగించింది. మొదట 30 రోజులు ఇచ్చిన థాయిలాండ్ 2024 జూలై 15 నుండి 60 రోజులకు పెంచింది. తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన మారిషస్‌కు కూడా సందర్శనకు ముందుగా వీసా తీసుకోనక్కరలేదు.

మూడవది, దిగిన తరువాత ఇచ్చే వీసా. మాల్దీవులు భారతీయులకు సందర్శన అనుమతిని దిగినచోటే రుసుము లేకుండా ఇస్తుంది. ఇండోనేషియా రుసుము తీసుకుని ఇస్తుంది.

నాలుగవది, ఇంటినుండే ఆన్‌లైన్‌లో పొందే ఈ-వీసా. కంబోడియా, వియత్నాం ఈ కోవకు చెందుతాయి. ఇది వీసా రహిత ప్రవేశం కానే కాదు, వీసా పొందే సులభ మార్గం మాత్రమే.

ఈ నాలుగింటిలో దేనితో వెళ్ళినా తిరుగు టికెట్టు, బస వివరాలు, ఖర్చులకు డబ్బు చూపమని అడగవచ్చు. సాధారణంగా పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి. మలేషియాకు ప్రయాణానికి ముందు మూడు రోజులలోగా, థాయిలాండుకు కూడా 2025 మే 1 నుండి, ఆన్‌లైన్ ప్రవేశ పత్రం నింపాలి. ఇవన్నీ ఉన్నా, సందేహం కలిగితే అధికారి వెనక్కి పంపవచ్చు. వీసా రహితం అంటే ప్రవేశం హక్కు అని కాదు. ఈ నిబంధనలు తరచుగా మారుతుంటాయి గనుక టికెట్టు కొనే ముందు ఆయా దేశాల రాయబార కార్యాలయాల అధికారిక ప్రకటనలు చూడటం తప్పనిసరి.

రంగం నాటి తలుపు

ఉత్తరాంధ్రకు వీసా లేని ప్రయాణం కొత్తది కాదు. మా పెద్దలు రంగూన్‌ను, దానితోపాటు మొత్తం బర్మా దేశాన్ని 'రంగం' అనేవారు. "రంగం వెళ్ళాడు" అంటే సంపాదనకు వెళ్ళాడని అర్థం. 1937 ఏప్రిల్ 1 వరకు బర్మా బ్రిటిషు ఇండియాలో ఒక భాగమే. విశాఖపట్నం, భీమునిపట్నం, కాకినాడ రేవుల నుండి మనవారు ఓడలెక్కి వెళ్ళి రంగూన్ రేవులోను, బియ్యపు మిల్లులలోను కష్టపడ్డారు. వీసా అడిగేవారు లేరు. ద్వారం బార్లా తెరిచే ఉంది.

కాని చాలామందికి ఓడ చార్జీ పెట్టినది మేస్త్రీ. ఇంటికి అడ్వాన్సు ఇచ్చినది కూడా అతడే. ఆ బాకీ తీరేవరకు కూలీ అతని చేతిలో ఉండేవాడు. 1941 డిసెంబరు 23న రంగూన్‌పై జపాను బాంబులు పడినప్పుడు ఎన్నో వేలమంది అడవులు, కొండలు దాటి కాలినడకన స్వదేశానికి తరలివచ్చారు. దారిలో రాలిపోయినవారు ఎందరో. ఆ చరిత్ర చెప్పే పాఠం ఇది: సరిహద్దు దాటడం సులభమైనంత మాత్రాన మనిషి స్వేచ్ఛగా ఉన్నట్లు కాదు. అతని చార్జీ ఎవరు పెట్టారు, అతని బాకీ ఎవరి చేతిలో ఉంది అన్నదే అతని స్థితిని నిర్ణయిస్తుంది.

తెరిచిన ద్వారం, మూసిన గది

నేటి మేస్త్రీ ఫోనులో మాట్లాడతాడు. 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన వ్యవహారం మన జిల్లాల వారందరికీ గుర్తుండే ఉంటుంది. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, ఒక్కొక్కరి నుండి లక్షన్నర దాకా వసూలు చేసి, మన యువకులను కంబోడియాకు తరలించారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కున్నారు. ఫోన్ల ద్వారా భారతీయులనే మోసగించే పనిలో బలవంతంగా కూర్చోబెట్టారు. కాదన్నవారిని హింసించారు. ఆ మే 20న సిహానూక్‌విల్‌లో వందలాది భారతీయులు తిరుగుబాటు చేశారు. నెలాఖరు నుండి విడతలుగా బాధితులు ఇల్లు చేరడం మొదలయింది.

మయన్మార్ కథ మరింత బాధాకరం. ఉద్యోగం థాయిలాండులో అని చెబుతారు. వీసా అవసరం లేదు గనుక యువకుడు నిశ్చింతగా బ్యాంకాకులో దిగుతాడు. అక్కడి నుండి కారులో సరిహద్దు పట్టణమైన మే సోత్‌కు, ఆపై మోయి నది దాటించి మయన్మార్‌లోని మ్యావడి ప్రాంతానికి చేరుస్తారు. నది దాటిన క్షణం నుండి అతడు అతిథి కాదు, బందీ. 2025 మార్చిలో భారత ప్రభుత్వం వాయుసేన విమానాలలో రెండు రోజులలో 549 మందిని మే సోత్ నుండి స్వదేశానికి తెచ్చింది. వారిలో తెలుగువారూ ఉన్నారు. తాతలు కూలికి వెళ్ళిన రంగం దేశంలోనే మనుమల తరం చెరపడింది.

ఇరాన్ ఉదంతం మరొక కోణాన్ని చూపుతుంది. 2024 ఫిబ్రవరి 4 నుండి ఆ దేశం విమానంలో వచ్చే భారతీయ పర్యాటకులకు 15 రోజుల వీసా రహిత ప్రవేశం ఇచ్చింది. ఉద్యోగాలని, మరో దేశానికి చేరుస్తామని నమ్మించి రప్పించినవారిని అపహరించి, విడుదలకు డబ్బు గుంజిన సంఘటనలు జరిగాయి. ఫలితంగా 2025 నవంబరు 22 నుండి సాధారణ పాస్‌పోర్టులకు ఆ సదుపాయం నిలిచిపోయింది. మష్‌హద్, ఖుమ్ క్షేత్రాలకు శ్రద్ధతో వెళ్ళే యాత్రికులకు కూడా ద్వారం మూసుకుపోయింది. కొందరి దురుపయోగానికి అందరూ మూల్యం చెల్లించారు.

ఏజెంటు ఈ దారినే ఎందుకు కోరుకుంటాడు?

మన దేశంలో 1983 నాటి వలస చట్టం ఉంది. పదవ తరగతి కూడా పూర్తికాని వారి పాస్‌పోర్టు సాధారణంగా ఈ.సి.ఆర్. వర్గంలో ఉంటుంది. అటువంటివారు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పని కోసం వెళ్ళాలంటే ప్రభుత్వ వలస అనుమతి పొందాలి. మలేషియా, థాయిలాండ్ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. అనుమతికి ముందు యజమాని ఎవరు, జీతమెంత అన్న ఒప్పందాన్ని పరిశీలిస్తారు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాద మరణానికి లేదా శాశ్వత వైకల్యానికి 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. లైసెన్సు పొందిన ఏజెంటు కార్మికుని నుండి 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మించి సేవా రుసుము తీసుకోరాదు.

సందర్శకునిగా వెళ్ళేవానికి ఇవేవీ వర్తించవు. ఒప్పందం లేదు, బీమా లేదు, రుసుముకు హద్దు లేదు. అందుకే లైసెన్సు లేని ఏజెంటు "ముందు టూరిస్టుగా దిగు, తరువాత మార్పిస్తాము" అంటాడు. గడువు దాటిన తరువాత బాధితుడు పోలీసుల వద్దకు వెళ్ళడానికీ భయపడతాడు. థాయిలాండులో గడువు మించి ఉంటే రోజుకు 500 బాత్ చొప్పున, గరిష్ఠంగా 20,000 బాత్ జరిమానా ఉంది. మోసగాని అసలు బలం ఈ భయమే.

అమాన్ అనే బాధ్యత

మదరసాలలో బోధించే ఫిఖహ్ గ్రంథాలలో 'అమాన్' అనే విషయం ఉంది. పరాయి రాజ్యంలో ప్రవేశించేవానికి ఇచ్చే అభయమే అమాన్. దానిని పొంది వెళ్ళిన ముస్లిం అక్కడివారి ధనప్రాణాలకు హాని తలపెట్టడాన్ని మన ధర్మవేత్తలు ద్రోహంగా పరిగణించారు. ఎందుకంటే అభయం ఇరువైపుల ఒప్పందం. మాకు తోచినంతలో, నేటి వీసాను గాని, వీసా రహిత ప్రవేశాన్ని గాని ఈ దృష్టితోనే చూడాలి. ముప్పై రోజులకు ఒప్పుకుని వెళ్ళినవాడు ముప్పై రోజులలో తిరిగి రావడం కేవలం చట్టభయంతో చేసే పని కాదు, మాట నిలుపుకోవడం.

అలాగే, బలవంతాన్ని మన ధర్మశాస్త్రం 'ఇక్రాహ్' అని వేరుగా గుర్తించింది. నిర్బంధంలో మోసపు పని చేయవలసివచ్చి, ప్రాణాలతో బయటపడి వచ్చిన బిడ్డను మహల్లాలో దోషిగా చూడరాదు. అప్పులు చేసి పంపిన తల్లిదండ్రులు పరువు పోతుందని నోరు మూసుకుంటే, అదే ఏజెంటు పక్క వీధిలో మరో ఇంటి తలుపు తడతాడు. వారు ధైర్యంగా ఫిర్యాదు చేసేలా మసీదు పెద్దలు వెంట నిలవాలి.

బయలుదేరే ముందు

కుమారుడు విదేశం వెళతానన్నప్పుడు ఇంటివారు అడగవలసిన ప్రశ్నలు కొన్నే. వెళ్ళేది చూడటానికా, పనికా? పనికైతే ఆ మాట రాసి ఉన్న వీసా, ఒప్పందం ఏవి? టికెట్టు ఎవరు కొన్నారు? దిగిన తరువాత మరో సరిహద్దు దాటించే మాట ఏమైనా ఉందా? పాస్‌పోర్టు ఎవరి చేతిలో ఉంటుంది? వీటిలో ఒక్కదానికి సమాధానం తడబడినా ప్రయాణం ఆపాలి.

ఏజెంటుకు లైసెన్సు ఉన్నదీ లేనిదీ ఈ-మైగ్రేట్ ప్రభుత్వ వెబ్‌సైటులో చూడవచ్చు. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 1800-11-3090. విదేశంలో చిక్కుకున్నవారి కోసం విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. సైబర్ మోసాలకు 1930కు ఫోను చేయవచ్చు. ప్రయాణించే బిడ్డ పాస్‌పోర్టు నకలు, టికెట్టు నకలు, అక్కడి భారత రాయబార కార్యాలయం నంబరు ఇంట్లో తల్లి వద్ద కూడా ఉండాలి.

పెద్ద పనికి ముందు తెలిసినవారిని సంప్రదించడం, ఆపై ఇస్తిఖారా చేయడం దైవప్రవక్త (సఅసం) నేర్పిన పద్ధతి. సంప్రదింపును వదిలి ఇస్తిఖారా మాత్రమే చేయడం ఆ పద్ధతి కాదు. చూడటానికి వెళ్ళేవారు సంతోషంగా వెళ్ళి, గడువులోగా క్షేమంగా రావాలి. సంపాదనకు వెళ్ళేవారు పని వీసాతోనే వెళ్ళాలి. ఆ దారి కొంత ఆలస్యమైనదే కావచ్చు. కాని ఆ దారిలో వెళ్ళిన బిడ్డ ఎక్కడున్నాడో, ఎవరి వద్ద పని చేస్తున్నాడో ఇంటివారికి తెలిసి ఉంటుంది.