కాలజ్ఞానం చెప్పిన ఊళ్లో... లెక్క తేలని జనం!

రేపేం జరుగుతుందో చెప్పిన యోగి సమాధి ఉన్న ఊరది. మరి ఈరోజు అక్కడ ఎందరున్నారో, ఏం చేసుకుని బతుకుతున్నారో చెప్పేదెవరు? కడప జిల్లా బ్రహ్మంగారిమఠంలోనూ, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లోనూ కాగితం మీది అంకెకీ ఇంట్లో ఉన్న మనిషికీ మధ్య దూరం ఏటేటా పెరుగుతోంది. ఆ దూరం గురించే ఈ కథనం.

మైదుకూరు నుంచి బద్వేలు వైపు వెళ్తూ పక్కకు తిరిగితే బ్రహ్మంగారిమఠం వస్తుంది. పాతపేరు కందిమల్లాయపల్లె. పదిహేడో శతాబ్దంలో పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి వడ్రంగం చేసుకుంటూ ఇక్కడే సంసారం చేశారనీ, వైశాఖ శుద్ధ దశమినాడు సజీవ సమాధిలోకి వెళ్లారనీ భక్తుల నమ్మకం. ఆయన ప్రియశిష్యుడు సిద్దయ్య దూదేకుల ఇంటి బిడ్డ. జిల్లా జనాభాలో ఇప్పటికీ సుమారు 15 శాతం ముస్లింలే. సిద్దయ్య కథ ఇక్కడివారికి పురాణంలా కాదు, పక్కింటి సంగతిలా అనిపించడానికి అదీ ఒక కారణం కావచ్చు.

ఆరాధన రోజుల్లో, శివరాత్రికి ఈ ఊరు ఊరులా ఉండదు. టెంకాయలు, స్వామి పటాలు, కాలజ్ఞానం పుస్తకాలు, పిల్లల ఆటబొమ్మలు... నాలుగు రోజుల బేరమే కొన్ని కుటుంబాలకు నాలుగు నెలల తిండి. తిరునాళ్లు ముగిశాక చూడండి. ఎండకు వెలిసిన టార్పాలిన్లు, సత్రం అరుగు మీద కునికిపాట్లు పడే వృద్ధులు, బస్సు కోసం ఎదురుచూసే విద్యార్థులు. మధ్య వయసువాళ్లు ఎక్కడ?

64 మందికీ ఓ చిట్టా!

అమెరికాలో మన జిల్లాకు కాస్త దగ్గరగా ఉండే పాలనా విభాగం కౌంటీ. అలాంటివి 3,140కి పైగా ఉన్నాయి. వాటిలో టెక్సాస్ రాష్ట్రంలోని లవింగ్ కౌంటీ జనాభా, 2020 జనగణన ప్రకారం, అక్షరాలా 64. మన దగ్గరైతే ఒక వీధి! అంత చిన్న కౌంటీకి కూడా వయసులెంత, ఆదాయమెంత, పేదలెందరు అన్న అంచనాలు ఏటా వస్తాయి. (అరవై నాలుగు మంది మీద వేసిన అంచనా ఏపాటి నిక్కచ్చిగా ఉంటుందన్నది వేరే సంగతి.) 2010-2020 మధ్య అమెరికా గ్రామీణ కౌంటీల మొత్తం జనాభా తగ్గింది. ఒక దశాబ్దం మొత్తమ్మీద అలా జరగడం అదే మొదటిసారి. చదువుకున్న పిల్లలు పట్నాలకు పోతున్నారు, పల్లెల్లో పెద్దవాళ్లు మిగులుతున్నారు... కథ మనదే, ఊరే వేరు.

తేడా ఒక్కటే. అక్కడ ఆ సంగతి అంకెల్లో తెలిసింది. మన దేశంలో 2021లో జరగాల్సిన జనగణన కొవిడ్ వల్ల ఆగిపోయింది. 2027లో జరుపుతామని 2025లో ప్రకటించారు. ఈ మధ్యకాలమంతా అధికారులకైనా, విలేకరికైనా 2011 అంకెలే దిక్కయ్యాయి.

ఆ అంకెలేమంటాయి? అప్పటి ఉమ్మడి కడప జిల్లా జనాభా 28 లక్షల 82 వేలు. చదరపు కిలోమీటరుకు 188 మంది. అప్పటి ఉమ్మడి రాష్ట్ర సగటేమో 308. ప్రతి వందమందిలో 66 మంది పల్లెల్లోనే. అక్షరాస్యత 67 శాతం... మగవాళ్లలో దాదాపు 78, ఆడవాళ్లలో 57. ఈ చివరి అంకెను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వద్దాం.

2011 పట్టికల్లో కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరు నిండు ఊరు. 2020లో అది గండికోట జలాశయంలో మునిగిపోయింది. మనుషులు వేరేచోట ఇళ్లు కట్టుకున్నారు. పట్టికలో మాత్రం ఊరు చెక్కుచెదరలేదు!

పక్కనే సాగరం

కడప జిల్లాలో ఏడాదికి సగటున 700 మిల్లీమీటర్ల వాన పడుతుంది. సగటు అన్న మాటను సేద్యగాడు నమ్మడు. ఒక ఏడు చినుకుండదు, మరో ఏడు కోతల వేళ ముంచేస్తుంది. అందుకే ఇక్కడ ఆస్తిని ఎకరాల్లో కొలవరు, నీళ్లతో కొలుస్తారు. కేసీ కాలువ కింద మడి ఉన్నవాడిదొక లెక్క, శనక్కాయలు వేసి మబ్బుకేసి చూసేవాడిదొక లెక్క. పందొమ్మిదో శతాబ్దంలో ఒక ఇంగ్లిషు కంపెనీ తవ్విన ఆ కాలువ దువ్వూరు, చాపాడు, మైదుకూరు వైపు వరి, పసుపు పండించింది. మైదుకూరు చుట్టుపక్కల పండే చిన్న ఎర్రగడ్డలు, కేపీ ఉల్లి అంటారు వాటిని, సింగపూర్, మలేసియా దాకా వెళ్లాయి. ఊళ్లో వాటిని కోసే కూలీలు సింగపూర్ ఎక్కడుందో అడగరు, ధర ఎంతుందని అడుగుతారు.

మఠం దగ్గర్లోనే కొండల మధ్య బ్రహ్మంసాగర్ ఉంది. స్వామి పేరే పెట్టారు. 1983లో మొదలైన తెలుగుగంగ పథకంలో ఇదొక జలాశయం. సామర్థ్యం 17.74 టీఎంసీలు. శ్రీశైలం నీరు పోతిరెడ్డిపాడు, వెలుగోడు మీదుగా కాలువలో రావాలి. అదే పథకం కింద కృష్ణా నీరు 1996లో తమిళనాడుకు చేరింది. బ్రహ్మంసాగర్‌ను మాత్రం కట్ట లీకేజీల భయంతో ఏళ్ల తరబడి నిండుగా నింపలేదు. ఆ తర్వాత మరమ్మతులు చేశారు. ఇన్నేళ్లలో బోరు వేసి, అది ఎండి, ఇంకోటి వేసి, అప్పు తీర్చడానికి ఊరు దాటినవాళ్లు నీళ్లొచ్చాయని తెలిసి వెంటనే తిరిగొస్తారా? కయ్య చదును చేయాలి, ఎద్దులో ట్రాక్టరో కావాలి, అన్నిటికంటే ముందు పనిచేసే చేతులు కావాలి.

పడమటికి పోతే దృశ్యం మారుతుంది. జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో బుడ్డశనగ, కడప బండల గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. ఎర్రగుంట్ల దగ్గర 1994లో మొదటి యూనిట్ మొదలైన థర్మల్ కేంద్రం 1,650 మెగావాట్లకు ఎదిగింది. పులివెందులలో చీనీ, అరటి తోటలు, డ్రిప్పు పైపులు. పక్కన వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గనికి 2007లో శంకుస్థాపన జరిగింది. ప్రొద్దుటూరు సంగతి చెప్పక్కర్లేదు, బంగారం బేరానికి రెండో బొంబాయని పేరు. ఇంత ఉన్నా 2018లో కేంద్రం గుర్తించిన ఆకాంక్షిత జిల్లాల్లో, అంటే వెనకబడినవాటిలో, కడప చోటు సంపాదించింది. ఫ్యాక్టరీ పొగ కనిపించే ఊళ్లన్నిటికీ ఫ్యాక్టరీ జీతం అందదని అర్థం.

అరబ్బు ఇంట్లో అమ్మ

ఇక, లేని మనుషుల సంగతి. రాజంపేట, రాయచోటి, కోడూరు నుంచి బద్వేలు దాకా ఎవరి ఇంటి సంగతి అడిగినా కువైట్ మాట రాకుండా పోదు. 1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌లోకి దిగినప్పుడు ఈ జిల్లా పల్లెలు రేడియోల చుట్టూ చేరాయి. కట్టుబట్టలతో తిరిగొచ్చినవాళ్లు చాలామంది యుద్ధం ముగిశాక మళ్లీ విమానమెక్కారు.

మగవాళ్లు డ్రైవర్లుగా, కంపెనీ పనులకు షూన్ వీసా మీద వెళ్తారు. ఆడవాళ్లది ఎక్కువగా ఖాదిం వీసా, అంటే ఇంటిపని. ఆకామా యజమాని చేతిలో ఉంటుంది. ఇల్లు మంచిదైతే బతుకు గట్టెక్కుతుంది, కాకపోతే బయటికి పారిపోవాలి. పారిపోతే కాగితాల్లేని మనిషి. 2018లోనూ, 2024లోనూ కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు తిరుగు ప్రయాణానికి బారులు తీరినవారిలో కడప ఆడబిడ్డలున్నారు.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న 57 శాతం దగ్గరికి వద్దాం. పదో తరగతి పాసు కాని వారి పాస్‌పోర్టుకు ఈసీఆర్ తరగతి వర్తిస్తుంది. అలాంటి మహిళ గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే ముప్ఫై ఏళ్లు నిండాలి, ప్రభుత్వ అనుమతి కావాలి. అంటే చదువు ఆగిపోయిన ఆడపిల్ల, పెళ్లై, పిల్లలు పుట్టాక, సరిగ్గా ఆ పిల్లలు బడికి వెళ్లే వయసులో విమానమెక్కుతుంది! లేదా ఏజెంటు చేతిలో పడి దొడ్డిదారిన అంతకన్నా ముందే ఎక్కుతుంది. పిల్లలు అవ్వాతాతల దగ్గర పెరుగుతారు. ఆమె పంపే దీనార్లు దేశం ఖాతాలో విదేశీ మారకం. మండలం ఆదాయం పట్టికలో వాటికి గడి లేదు. ఆ డబ్బుతో లేచిన మిద్దె మాత్రం రోడ్డు మీంచే కనిపిస్తుంది, తలుపుకు తాళంతో.

జిల్లాలో ప్రతి వెయ్యిమంది మగవాళ్లకు 985 మంది ఆడవాళ్లని 2011 లెక్క. మంచి అంకేనని సంతోషించడానికి లేదు. జనగణన రోజుల్లో దేశంలో లేనివారిని లెక్కించరు. వెళ్లిన మగవాళ్ల వల్ల ఆ అంకె ఎంత పెరిగిందో, వెళ్లిన ఆడవాళ్ల వల్ల ఎంత తగ్గిందో విడదీసి చెప్పలేం. కానీ వలస వెళ్లని ఒక వర్గముంది... ఆరేళ్లలోపు పిల్లలు. వాళ్లలో ప్రతి వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 2001లో 950 దరిదాపుల్లో ఉంటే, 2011 నాటికి 920 లోపుకు పడిపోయారు. ఈ అంకెకు కువైట్ సాకు చెప్పడానికి కుదరదు. నా దృష్టిలో ఈ జిల్లా పట్టికలన్నిటిలోకీ ఆందోళన కలిగించేది ఇదే. దీని మీద ధర్నా జరిగినట్టు మాత్రం నేను వినలేదు.

జననాల రేటు కూడా తగ్గింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలు. ఇద్దరికి మించి ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను 2024 నవంబరులో శాసనసభ ఎత్తేసింది. ఒకప్పుడు గోడల మీద చిన్న కుటుంబం రాతలు రాయించిన ప్రభుత్వమే!

లెక్క ఎందుకంత ముఖ్యమంటారా? ఆహారభద్రత చట్టం కింద ఎందరికి బియ్యం ఇవ్వాలన్నది 2011 జనాభాను బట్టే తేల్చారు. పదిహేనో ఆర్థిక సంఘం నిధుల పంపకంలో లెక్కకు తీసుకున్నదీ ఆ జనాభానే. ఇంటింటి సంగతి రేషన్ డీలరుకు తెలిసినా, పై అంకె మారకపోతే వాటా మారదు.

2011లో ఇల్లూవాకిలీ లేనివారి కోసం ఫిబ్రవరి 28 రాత్రి ప్రత్యేకంగా లెక్క తీశారు. బస్టాండ్లు, గుడి మంటపాలు, సత్రాల అరుగులు తిరిగి, ఎవరెక్కడ పడుకుని ఉంటే అక్కడే రాసుకోవాలని నియమం. ఆ ఏడు శివరాత్రి మార్చి 2న. మఠం లాంటి చోట్ల యాత్రికుల రాక మొదలయ్యే వేళ. సొంతిల్లు ఉండి మొక్కు తీర్చుకోవడానికి వచ్చి పడుకున్నవారెవరో, ఇక్కడే ఉండిపోయినవారెవరో నిద్రలేపి అడిగితేగానీ తెలియదు.